తేలికైన లినక్స్ వర్చువల్ మెషీన్: అనుకరణ నుండి పరిత్యాగం దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఒక కంప్యూటర్‌లో మరొక కంప్యూటర్ ఉన్నట్లు సాఫ్ట్‌వేర్ ద్వారా కల్పించే ఏర్పాటును వర్చువల్ మెషీన్ అంటారు. కమాండ్ లైన్ నుండి తేలికైన లినక్స్ వర్చువల్ మెషీన్‌ను నెలకొల్పడం నేడు కొన్ని నిమిషాల పని. ఈ తేలికదనం ఇటీవలి క్లౌడ్ అవసరాల నుండి పుట్టిన కొత్త గుణమన్న భావన వాడుకలో ఉంది. 1964లో మొదలైన కేంబ్రిడ్జి ప్రయోగం నుండి 2018 నాటి ఫైర్‌క్రాకర్ వరకు ఉన్న పరిణామాన్ని పరిశీలించి, తొలి వర్చువల్ మెషీన్ తేలికైనదేననీ, అది కూడా కమాండ్ లైన్ నుండే నడిచిందనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. ఏ పాత పరికరాన్ని అనుకరించాలి, దేనిని వదలాలి అన్న నిర్ణయమే ఈ చరిత్రకు ఇరుసు అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వర్చువల్ మెషీన్, లినక్స్, కమాండ్ లైన్, హైపర్‌వైజర్, సీఎంఎస్, కేవీఎం, క్యూఎము, డిజిటల్ భద్రత.

1. ప్రవేశిక

వర్చువల్ మెషీన్ చరిత్రను సాధారణంగా ఒక సరళరేఖగా చెబుతారు. మొదట పెద్ద కంప్యూటర్లు, తరువాత వాటిలో బరువైన వర్చువల్ మెషీన్లు, ఆ పైన కంటైనర్లు, చివరకు తేలికైన వర్చువల్ మెషీన్లు అన్నది ఆ క్రమం. ఈ కథనంలో తేలికదనం చివరి మెట్టు. మూల పరిస్థితులను చూస్తే ఈ క్రమం నిలవదు.

ఈ వ్యాసంలో మూడు అంశాలను వరుసగా అనుసరించడం జరుగుతుంది. ఒకటి, వర్చువల్ మెషీన్‌లో నడిచే అతిథి వ్యవస్థకు తాను అతిథినని తెలుసా లేదా అన్నది. రెండు, ఆ యంత్రంలో ఏయే పరికరాలను అనుకరించారన్నది. మూడు, వాడుకరి ఆ యంత్రంతో మాట్లాడే తీరు. అసలు యంత్రంపై ఉండి ఇతర యంత్రాలకు చోటిచ్చేదాన్ని ఆతిథేయ వ్యవస్థ అనీ, ఈ రెంటి నడుమ కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అనీ వ్యవహరిస్తున్నాను.

2. కేంబ్రిడ్జి: మనిషికొక యంత్రం

1960ల ఆరంభంలో కంప్యూటర్ ఒక్కటి, వాడవలసినవారు అనేకులు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ(ఎం.ఐ.టి.)లో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ దీనికి కాల విభజనను పరిష్కారంగా చూపింది. యంత్రం తన కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా అందరికీ పంచుతుంది. ఎవరికి వారికి యంత్రం తమదే అనిపిస్తుంది.

అదే కేంబ్రిడ్జి పట్టణంలో ఐబీఎం సంస్థకు ఒక శాస్త్ర కేంద్రం ఉండేది. 1964 చివర రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో అక్కడ మరొక మార్గాన్ని ఎన్నుకున్నారు. యంత్రం తమదే అనిపించడం కాకుండా, ప్రతి వాడుకరికీ ఒక సంపూర్ణ యంత్రాన్నే కల్పించి ఇవ్వడం వారి ఆలోచన. సిస్టమ్/360 మోడల్ 40 యంత్రానికి చిరునామాలను మార్చే ప్రత్యేక పరికరాన్ని అమర్చి, దానిపై సీపీ-40 అనే నియంత్రణ ప్రోగ్రామ్‌ను నిర్మించారు. 1967 జనవరి నాటికి అది నిత్య వినియోగంలోకి వచ్చింది. ఏకకాలంలో 14 వర్చువల్ మెషీన్లను అది నడపగలిగేది.

ఇక్కడ గమనించవలసింది పనుల విభజన. సీపీ చేసేది ఒక్కటే పని: యంత్రాలను కల్పించి, ఒకదాన్నొకటి తాకకుండా కాపాడడం. ఫైళ్లు, ఆదేశాలు, భాషా అనువాదకాలు వంటి వాడుకరి సౌకర్యాలన్నీ సీఎంఎస్ అనే వేరొక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండేవి. సీఎంఎస్ ఒక్క మనిషి కోసం రాసింది. ఒకరి నుండి మరొకరిని కాపాడే బాధ్యత దానికి లేదు. ఆ బాధ్యతను సీపీ తీసుకుంది. బాధ్యత తగ్గినందువల్లనే అది చిన్నదిగా, సరళంగా ఉండగలిగింది. తేలికదనానికి తొలి సూత్రం ఇదే.

దాన్ని ప్రారంభించే విధానం కూడా గమనార్హం. వాడుకరి టైపురైటర్ వంటి టెర్మినల్ ముందు కూర్చొని, తన పేరుతో లాగిన్ అయి, ‘ఐపీఎల్ సీఎంఎస్’ అని టైపు చేసేవాడు. అసలు యంత్రంలో ఒక మీటను నొక్కితే జరిగే తొలి ప్రోగ్రామ్ లోడింగ్, ఇక్కడ రెండు మాటలతో జరిగిపోయేది. కమాండ్ లైన్ నుండి తేలికైన వర్చువల్ మెషీన్‌ను లేపడమంటే సరిగ్గా ఇదే. లినక్స్ అప్పటికి లేదు. పద్ధతి మాత్రం ఉంది.

సీపీ-40 తరువాత మోడల్ 67 యంత్రానికి సీపీ-67 వచ్చింది. ఆ యంత్రానికి సంస్థ అధికారికంగా తలపెట్టిన వ్యవస్థ టీఎస్ఎస్/360. అది జాప్యాలతో సతమతమవుతుండగా, చిన్న ప్రయోగశాలలో పుట్టిన సీపీ-67 వాడుకరుల ఆదరణ పొందింది. 1972 ఆగస్టు 2న వీఎం/370 పేరుతో అది సంస్థ అధికారిక ఉత్పత్తి అయింది.

3. తాను అతిథినని తెలిసిన అతిథి

సీపీ-67 కాలంలో సీఎంఎస్‌ను అసలు యంత్రంపై కూడా నేరుగా నడపడానికి వీలుండేది. వీఎం/370 నాటికి ఆ వీలు పోయింది. డిస్కును చదవడం వంటి పనులకు అసలు పరికరం రీతిలో ఆదేశాలివ్వడం మాని, ‘డయాగ్నోస్’ అనే సూచన ద్వారా హైపర్‌వైజర్‌నే నేరుగా అడగడం సీఎంఎస్ నేర్చుకుంది. పరికరం ఉన్నట్లు నటించడం, ఆ నటనను నమ్మినట్లు నటించడం అనే రెండు శ్రమలూ దీనితో తప్పాయి. వేగం పెరిగింది, దానికి మూల్యంగా సీఎంఎస్ ఇక హైపర్‌వైజర్ లేనిదే బతకలేని వ్యవస్థ అయింది.

అయితే అనుకరణ పూర్తిగా పోలేదు. ప్రతి వర్చువల్ మెషీన్‌కూ వర్చువల్ కార్డు రీడరు, కార్డు పంచ్, ప్రింటరు ఉండేవి. ఒక వాడుకరి మరొకరికి ఫైలు పంపాలంటే, తన వర్చువల్ పంచ్ నుండి ఎదుటివారి వర్చువల్ రీడరులోకి పంపేవాడు. కార్డు లేదు, రంధ్రం లేదు. కార్డు వరుస రూపం మాత్రం మిగిలింది.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ అనుభవాన్ని సిద్ధాంతీకరించారు. హైపర్‌వైజర్‌కు వారు మూడు లక్షణాలు చెప్పారు: అందులో నడిచే ప్రోగ్రామ్ అసలు యంత్రంపై నడిచినట్లే నడవాలి, వనరులపై పూర్తి అదుపు హైపర్‌వైజర్‌దే కావాలి, సూచనలలో అధిక భాగం దాని జోక్యం లేకుండా నేరుగా ప్రాసెసర్‌పై నడవాలి. యంత్ర స్థితిని తాకే ప్రతి సూచనా, అధికారం లేనివారు వాడినప్పుడు పట్టుబడితే, అటువంటి ప్రాసెసర్‌పై హైపర్‌వైజర్ నిర్మాణం సాధ్యమని వారు నిరూపించారు.

4. ఎక్స్86 అవరోధం

వ్యక్తిగత కంప్యూటర్లలో నెలకొన్న ఎక్స్86 ప్రాసెసర్ ఈ పరీక్షలో నెగ్గలేదు. 2000లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో జాన్ రాబిన్, సింథియా ఇర్విన్ పెంటియం ప్రాసెసర్‌లో ఈ నియమానికి లొంగని 17 సూచనలను గుర్తించారు. ‘పాప్ఎఫ్’ అందుకు మంచి ఉదాహరణ. అధికారం లేని ప్రోగ్రామ్ దీని ద్వారా అంతరాయాలను ఆపమని కోరితే, ప్రాసెసర్ ఆ కోరికను మన్నించదు. అలాగని తప్పు పట్టి హైపర్‌వైజర్‌కు తెలియజేయనూ తెలియజేయదు. మౌనంగా ముందుకు సాగుతుంది. తన ఆదేశం నెరవేరిందని అతిథి వ్యవస్థ భ్రమపడుతుంది.

ఈ అవరోధాన్ని మూడు మార్గాలలో దాటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డిస్కో అనే పరిశోధన (1997) చేసిన బృందంలోని వారు స్థాపకులలో ఉన్న వీఎంవేర్ సంస్థ, 1999లో తన తొలి ఉత్పత్తిని విడుదల చేసింది. సమస్యాత్మక సూచనలను నడిచేటప్పుడే తర్జుమా చేయడం దాని పద్ధతి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రూపొందిన జెన్ (2003) అతిథి కెర్నల్‌నే సవరించి, హైపర్‌వైజర్‌ను అడిగి పని చేయించుకునేలా మార్చింది. సీఎంఎస్ ‘డయాగ్నోస్’తో చేసింది సారాంశంలో ఇదే. మూడవది ప్రాసెసర్‌నే సరిదిద్దడం. 2005 నవంబరులో ఇంటెల్, 2006లో ఏఎండీ తమ ప్రాసెసర్లకు వర్చువల్ మెషీన్ల కోసం ప్రత్యేక సహాయాన్ని జోడించాయి.

లినక్స్‌కు ఈ మూడవ మార్గం మేలి మలుపు అయింది. కుమ్రానెట్ సంస్థలో అవీ కివిటీ రాసిన కేవీఎం 2006 అక్టోబరులో వెలువడి, 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. కాల విభజన, మెమరీ నిర్వహణ లినక్స్‌లో ఎప్పటి నుండో ఉన్నాయి కనుక కేవీఎం వాటిని మళ్ళీ రాయలేదు. ఫలితంగా వర్చువల్ మెషీన్ లినక్స్ దృష్టిలో ఒక మామూలు ప్రాసెస్ మాత్రమే. ‘పీఎస్’ ఆదేశంతో దాన్ని జాబితాలో చూడవచ్చు. ‘కిల్’ ఆదేశంతో ఆపవచ్చు. వర్చువల్ మెషీన్ కమాండ్ లైన్‌కు ఇంత సహజంగా అలవడడానికి కారణం ఇక్కడ ఉంది.

ఐబీఎం శాఖతో లినక్స్‌కు నేరు సంబంధం కూడా ఉంది. ఆ సంస్థ పెద్ద యంత్రాలపై లినక్స్ నడిపే మార్పులు 1999 డిసెంబరులో బహిరంగమయ్యాయి. కొద్ది నెలలకే డేవిడ్ బాయెస్ ఒకే యంత్రంపై వీఎం కింద 41,400 లినక్స్ వ్యవస్థలను నడిపి చూపారు. సీఎంఎస్ కోసం వేసిన దారిలోనే లినక్స్ ప్రవేశించింది.

5. కొన్ని ఆదేశాలు, అనేక కాలాలు

ఇప్పుడు ఒక తేలికైన లినక్స్ వర్చువల్ మెషీన్‌ను నెలకొల్పే ప్రక్రియను, అందులోని చారిత్రక పొరలను గమనిస్తూ పరిశీలిద్దాం. అతిథిగా ఆల్పైన్ లినక్స్‌ను, యంత్ర పరికరాలను కల్పించడానికి క్యూఎమును తీసుకుందాం. క్యూఎము 2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ఆరంభించిన ప్రోగ్రామ్. ప్రాసెసర్ పనిని కేవీఎం, పరికరాల పనిని క్యూఎము చూసుకుంటాయి.

మొదటి మెట్టు డిస్కు. ‘క్యూఎము-ఇమేజ్ క్రియేట్’ అనే ఆదేశానికి క్యూకౌ2 అనే ఫైలు రూపాన్నీ, ఒక పేరునూ, 2 గిగాబైట్ల పరిమాణాన్నీ ఇస్తే ఖాళీ డిస్కు తయారవుతుంది. 2 గిగాబైట్లు అన్నది గరిష్ఠ హద్దు మాత్రమే. రాసినకొద్దీ ఫైలు పెరుగుతుంది. అసలు డిస్కును ముక్కలు చేసి ఒక్కో వాడుకరికి ఒక్కో చిన్న డిస్కుగా చూపిన సీపీ పద్ధతికి ఇది వారసురాలు.

రెండవ మెట్టు యంత్రాన్ని లేపడం. ‘క్యూఎము-సిస్టమ్’ ఆదేశానికి కేవీఎం వాడమని, 512 మెగాబైట్ల మెమరీ ఇవ్వమని, పైన చేసిన డిస్కును జోడించమని, ఆల్పైన్ సీడీ ఇమేజ్ నుండి మొదలుపెట్టమని, ‘నోగ్రాఫిక్’ పద్ధతిలో నడపమని చెబుతాం. ఆల్పైన్ ఇమేజ్‌లలో వర్చువల్ మెషీన్ల కోసమే కూర్చిన ‘వర్ట్’ రకాన్ని ఎన్నుకోవాలి. అందులోని కెర్నల్‌లో అసలు కంప్యూటర్లకు మాత్రమే అవసరమైన పరికరాల డ్రైవర్లు చాలావరకు ఉండవు. తాను అతిథినని ఆ కెర్నల్‌కు పుట్టుకతోనే తెలుసు. డిస్కు, నెట్‌వర్క్ పనులను అది వర్టయో అనే ఒప్పందం ద్వారా సాగిస్తుంది. రస్టీ రసెల్ రూపొందించిన ఈ ఒప్పందం 2008 నుండి లినక్స్‌లో ఉంది. సీఎంఎస్, జెన్ అనుసరించిన సూత్రమే ఇక్కడ అందరికీ ఉమ్మడి ప్రమాణమైంది.

‘నోగ్రాఫిక్’ అన్న మాట వల్ల వేరే కిటికీ తెరుచుకోదు. అతిథి మాటలన్నీ మనం ఆదేశమిచ్చిన టెర్మినల్‌లోనే కనిపిస్తాయి. లినక్స్ ఈ సీరియల్ మార్గాన్ని ‘టీటీవైఎస్0’ అని పిలుస్తుంది. అందులోని ‘టీటీవై’ టెలీటైపుకు సంక్షిప్త రూపం.

మూడవ మెట్టు స్థాపన. ‘రూట్’ పేరుతో లాగిన్ అయి ‘సెటప్-ఆల్పైన్’ అంటే, కీబోర్డు అమరిక, యంత్రం పేరు, నెట్‌వర్క్, పాస్‌వర్డ్, డిస్కు గురించి వరుసగా ప్రశ్నలు వస్తాయి. ఆల్పైన్ చిన్నదిగా ఉండడానికి దాని కూర్పు కారణం. అందులో సాధారణ ఆదేశాలన్నింటినీ ఒకే ప్రోగ్రామ్‌లో ఇమిడ్చిన బిజీబాక్స్ ఉంటుంది. బ్రూస్ పెరెన్స్ దీన్ని 1990ల నడుమ డెబియన్ లినక్స్ స్థాపక ఫ్లాపీలో పట్టించడం కోసం రాశారు. ఫ్లాపీ కనుమరుగైనా, దాని ఇరుకు నేర్పిన పొదుపు మిగిలింది.

నాలుగవ మెట్టు, సీడీని వదిలి డిస్కు నుండి యంత్రాన్ని మళ్ళీ లేపి, ‘ఎస్ఎస్‌హెచ్’ ద్వారా ప్రవేశించడం. ఇందుకు ఆతిథేయ యంత్రంలోని ఒక పోర్టును అతిథిలోని 22వ పోర్టుకు కలపాలి. ఈ మామూలు అమరికలో అతిథికి 10.0.2.15 అనే చిరునామా వస్తుంది. దీని వెనుక ఉన్నది స్లర్ప్ అనే 1990ల నాటి ప్రోగ్రామ్. టెలిఫోను ద్వారా విశ్వవిద్యాలయ కంప్యూటర్‌లోకి ప్రవేశించినవారు, ప్రత్యేక అనుమతి లేకుండానే ఆ మార్గాన్ని ఇంటర్నెట్ సంబంధంగా మార్చుకోవడానికి అది పుట్టింది. పాలనాధికారం లేకుండా వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ ఇవ్వడానికి నేడు అది ఉపయోగపడుతున్నది.

6. ఫ్లాపీ నేర్పిన గుణపాఠం

పై ఆదేశంలో మనం యంత్రం రకాన్ని చెప్పలేదు. అప్పుడు ఎక్స్86 క్యూఎము అనుకరించేది ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్‌తో కూడిన కంప్యూటర్‌ను. ఆ చిప్‌సెట్ 1996 నాటిది. అంటే, నేటి కెర్నల్‌ను మనం 1996 నాటి మదర్‌బోర్డు నమూనాపై నడుపుతున్నాం. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు మార్పు లేకుండా నడవాలన్న ఉద్దేశంతో ఆ కాలపు పరికరాలను, ఫ్లాపీ కంట్రోలరుతో సహా, క్యూఎము నిలుపుకుంది.

ఈ వారసత్వానికి మూల్యం 2015 మే నెలలో వెల్లడైంది. క్యూఎములోని ఫ్లాపీ కంట్రోలరు కోడ్‌లో ఒక లోపాన్ని జేసన్ గెఫ్నర్ కనుగొన్నారు. దానికి వెనమ్ అని పేరు పెట్టారు. అతిథిలోని పాలనాధికారి ఈ లోపాన్ని ఆసరా చేసుకొని గోడ దాటి ఆతిథేయ యంత్రంలోకి చొరబడే ప్రమాదం ఏర్పడింది. ఆ కోడ్ 2004 నుండి అక్కడ ఉంది. వర్చువల్ మెషీన్‌కు ఫ్లాపీ జోడించకపోయినా కంట్రోలరు ఉండనే ఉంది. ఎవరూ వాడని పరికరపు అనుకరణ అందరికీ ప్రమాదకరమైంది.

ఈలోగా 2013లో వెలువడిన డాకర్ కంటైనర్లను విస్తృతం చేసింది. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు. అన్నీ ఆతిథేయ కెర్నల్‌నే పంచుకుంటాయి. అందువల్ల తేలిక, అందువల్లనే గోడ పలుచన. పరస్పరం నమ్మకం లేని వేలాది మంది ప్రోగ్రామ్‌లను ఒకే యంత్రంపై నడిపే సంస్థలకు గోడ దృఢంగానూ, యంత్రం తేలికగానూ ఉండవలసి వచ్చింది.

2018 నవంబరులో అమెజాన్ బహిరంగపరచిన ఫైర్‌క్రాకర్ ఈ అవసరానికి సమాధానం. అది కేవీఎంను ఉంచుకొని క్యూఎమును పక్కన పెట్టింది. నెట్‌వర్క్, డిస్కు, సీరియల్ కన్సోల్, యంత్రాన్ని ఆపడానికి ఒక్క మీట గల కీబోర్డు కంట్రోలరు – తొలి రూపంలో దాదాపు ఇంతే పరికరాలు. 2020లో దాని రూపకర్తలు ప్రచురించిన పత్రం ప్రకారం, ఒక్కో యంత్రానికి అయ్యే అదనపు మెమరీ 5 మెగాబైట్ల లోపు. అందులోని ప్రోగ్రామ్ మొదలవడానికి పట్టే కాలం 125 మిల్లీసెకన్ల లోపు. క్యూఎము కూడా 2019 డిసెంబరు నాటి 4.2 వెర్షన్‌లో ‘మైక్రోవీఎం’ అనే యంత్రం రకాన్ని చేర్చింది.

చిన్న హైపర్‌వైజర్, తాను అతిథినని తెలిసిన చిన్న వ్యవస్థ, ఒక్కొక్కరికి ఒక్కో యంత్రం, టైపు చేసే కన్సోల్: ఈ నాలుగూ 1967 నాటి కేంబ్రిడ్జి ఏర్పాటుకు, దాని వెన్వెంట వచ్చిన వీఎం/370కు గుర్తులు. అయితే దీన్ని పునరావృత్తి అని తేల్చివేయలేం. అప్పుడు తేలికదనం తప్పనిసరి. కేంబ్రిడ్జి యంత్రపు మొత్తం మెమరీయే 256 కిలోబైట్లు. నేడు ‘తేలిక’ అనిపించుకొనే 5 మెగాబైట్లు దానికి 20 రెట్లు. నాటిది లేమి నేర్పిన పొదుపు. నేటిది భద్రత కోసం బుద్ధిపూర్వకంగా చేసిన పరిత్యాగం.

7. పరిత్యాగానికి హద్దు

పరిత్యాగమే మార్గమని తీర్మానిస్తే మరొక చిక్కు వస్తుంది. తెలుగు పరిశోధకులకు అది ప్రత్యక్షంగా తగులుతుంది. తెలుగు లిపికి 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే స్థానం లభించినా, విండోస్‌లో తెలుగుకు సహజ మద్దతు 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చింది. అంతకు ముందు, ఆ తరువాత కూడా చాలాకాలం, తెలుగు అక్షర భాగాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లతో పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు టైపు అయ్యాయి. ఒక్కో ఫాంటు కూర్పు ఒక్కో తీరు. ఆ ఫాంటూ, ఆ సాఫ్ట్‌వేరూ లేనిదే ఆ ఫైలు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల పోగు.

అటువంటి ఫైలును అది పుట్టిన రూపంలో చూడాలంటే, ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆనాటి యంత్రంపై నడపడం నమ్మదగిన దారి. అప్పుడు క్యూఎములోని 1996 నాటి మదర్‌బోర్డు, ఫ్లాపీ కంట్రోలరు బరువు కావు, అవే ఆధారాలు. బహుళ వాడుకరుల సర్వర్‌లో ప్రమాదమైన అనుకరణే, ఇంటర్నెట్‌కు కలపని ఒక ప్రాచీన ప్రతుల గదిలో తాళంచెవి. కాబట్టి తేలికదనం స్వతస్సిద్ధమైన గుణం కాదు; అది ప్రయోజనాన్ని బట్టి నిర్ణయమయ్యేది.

కమాండ్ లైన్ ప్రాముఖ్యం కూడా ఇక్కడే స్పష్టమవుతుంది. బొమ్మల తెరపై మౌస్‌తో చేసిన ఎంపికలు జాడ వదలవు. ఆదేశంగా రాసిన యంత్రం ఒక పాఠం. దానిని ఉల్లేఖించవచ్చు, సిద్ధాంత గ్రంథం అనుబంధంలో ముద్రించవచ్చు, మరొకరు మళ్ళీ నడిపి సరిచూడవచ్చు. ఇందుకు నాలుగు విషయాలు నమోదు కావాలి: క్యూఎము వెర్షన్, యంత్రం రకం పూర్తి పేరు, డిస్కు ఇమేజ్ షా-256 సంఖ్య, ఇచ్చిన ఆదేశం యథాతథంగా. క్యూఎము తన యంత్రం రకాలకు వెర్షన్ సంఖ్యలు ఇస్తుంది. కాలక్రమంలో మరీ పాతవాటిని తొలగిస్తుంది కూడా. కనుక ఆ వెర్షన్ మూల కోడ్‌ను సైతం భద్రపరచుకోవడం అవసరం.

8. ముగింపు

వర్చువల్ మెషీన్ తొలిరూపం తేలికైనది, కమాండ్ లైన్ నుండి నడిచినది. బరువు నడుమ వచ్చింది. ఎక్స్86 ప్రాసెసర్ స్వభావం, పాత వ్యవస్థలను మార్పు లేకుండా నడపవలసిన అవసరం అందుకు ప్రధాన కారణాలు. కేవీఎం, వర్టయో, ఫైర్‌క్రాకర్ ఆ బరువును అంచెలంచెలుగా దించాయి. ‘డయాగ్నోస్’ నుండి వర్టయో వరకు, కార్డు రీడరు నుండి ఫ్లాపీ కంట్రోలరు వరకు సాగిన పరిణామం ఒకే ప్రశ్నకు వివిధ కాలాలు ఇచ్చిన సమాధానాల వరుస: గతించిన యంత్రంలో దేనిని నిలుపుకోవాలి, దేనిని వదులుకోవాలి?

ఈ ప్రశ్నను ఇంతవరకు ఇంజనీర్లే తేల్చుకుంటూ వచ్చారు. వారి దృష్టి వేగంపై, భద్రతపై ఉండడం సహజం. పాత ఫాంట్లలో చిక్కుకుపోయిన తెలుగు రచనల వంటివి వారి లెక్కలోకి రావు. ఏ అనుకరణ ఎవరికి అవసరమో చెప్పవలసిన బాధ్యత గ్రంథాలయాలది, విశ్వవిద్యాలయ శాఖలది, పరిశోధకులది. అందుకు తొలి అడుగుగా, తమ వద్దనున్న యూనికోడ్ పూర్వపు ఫైళ్లు ఏ ఫాంటుతో, ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌పై తయారయ్యాయో ప్రతి శాఖా జాబితా రాసి పెట్టుకోవాలి. ఆ జాబితా ఉంటే యంత్రాన్ని కల్పించడానికి కొన్ని ఆదేశాలు చాలు. జాబితా లేకపోతే ఏ యంత్రాన్ని కల్పించాలో చెప్పగలవారు ఉండరు.